పత్తెం ఎన్నాళ్లు?

కడుపు ఉబ్బరమన్నా, మంటన్నా, తిన్నది తిన్నట్టే పోతోందన్నా మన దగ్గర మొదట వినిపించే సలహా ఒక్కటే: కారం బంద్ చెయ్యి. మిర్చి పండించి, మిర్చి అమ్ముకుని బతికే కేసముద్రం చుట్టుపక్కల ఈ మాట అనడం తేలిక, పాటించడం కష్టం. సీజన్‌లో మార్కెట్ యార్డులో బస్తాల మూతులు విప్పితే ఆ ఘాటుకు దారిన పోయేవాళ్లు కూడా తుమ్ముతారు. అవే మిరపకాయలను ఎండబెట్టుకుని, తొడిమెలు తీసి, గిర్నీలో పట్టించి ఏడాదికి సరిపడా కారం జాడీలకు ఎత్తుకునే ఇళ్లు ఇవి. అయినా ప్రాణం మీదికి వచ్చిందనుకుంటే మానతారు. కారం తర్వాత ఎల్లిగడ్డ, దాని వెనక పప్పు, ఆపైన పాలు, గోధుమరొట్టె ఒక్కొక్కటే పళ్లెంలోంచి దిగిపోతాయి. ఏది మానాలో చెప్పడానికి ఇంటా బయటా, ఫోన్లో వందమంది ఉన్నారు. మానిన దాన్ని మళ్లీ ఎప్పుడు తినాలో చెప్పేవాళ్లే లేరు. నేననేదల్లా ఇదే: కడుపు కోసం పట్టే పత్తెంలో మానడం సగం పని కూడా కాదు, మానినవాటిని తిరిగి తెచ్చుకోవడమే అసలు పని. గడువు పెట్టుకోని పత్తెం కొన్నాళ్లకు వైద్యం కాకుండా పోయి, ఉత్త అర్ధాకలిగా మిగులుతుంది.

పాత పత్తేన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఏం మానాలన్న విషయంలో మన పెద్దలు చాలాసార్లు తప్పే చెప్పారు. కామెర్లు వస్తే పచ్చగా ఉంటుందని పసుపును, దానితోపాటు నూనెను, కారాన్ని ఆపేసి, చప్పిడి మెతుకులు పెట్టి మనిషిని మరింత నీరసపెట్టే పద్ధతి ఇప్పటికీ పోలేదు. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో పసుపు మానితే లాభమేమీ లేదు. వికారం లేకపోతే మామూలు తిండే తినమంటారు డాక్టర్లు. విరేచనాలప్పుడు లంఖణం పేరుతో నీళ్లు కూడా ఆపితే ప్రాణమే పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని నిలబెట్టాక కూడా ఆ అలవాటు మనల్ని వదలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇన్ని తప్పులున్నా పాత పద్ధతిలో ఒక మంచి ఉంది, దానికి ముగింపు ఉండేది. బాలింత పత్తెమైనా, అమ్మవారు పోసినప్పటి పత్తెమైనా ఇన్నాళ్లని ఉండేది. తలకు పోసుకున్న రోజున అది విడిచేవాళ్లు. విడవడం కూడా పద్ధతిలో భాగమే. ఈ కాలపు డైట్లకు ఆ రోజు లేదు. ఆ మధ్య కొబ్బరినూనె, నిమ్మకాయల మీద నడిచిన డైట్ ఊళ్లన్నింటినీ ఊపింది, తర్వాత సిరిధాన్యాల వంతు వచ్చింది. ఒకటి పూర్తికాకుండానే ఇంకొకటి మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ.

గడువు లేని పత్తెం ఎంత దూరం పోగలదో తెలియాలంటే అల్సర్ కథ చూడాలి. 1915లో షికాగో డాక్టరు బెర్ట్రామ్ సిప్పీ కడుపులో పుండుకు గంట గంటకూ పాలు, మీగడ తాగించే పత్తెం రాశాడు. యాసిడ్‌ను అవి అణిచేస్తాయని నమ్మకం. దేశదేశాల ఆసుపత్రుల్లో దశాబ్దాలపాటు అదే నడిచింది. మన దగ్గర అది పాలు, ఇడ్లీ, మజ్జిగన్నం రూపంలో స్థిరపడింది. 1964లో ‘గట్’ అనే వైద్యపత్రికలో రైల్వే డాక్టరు ఎస్.ఎల్. మల్హోత్రా మన దేశపు లెక్కలు ప్రకటించి, అన్నం తినే ప్రాంతాల్లో అల్సర్ ఎక్కువనీ, రొట్టె నమిలి తినే పంజాబ్ వైపు తక్కువనీ చూపాడు. తిండిలోనే తప్పుందన్న నమ్మకం దానితో ఇంకా బిగిసింది. పాలు తాగితే యాసిడ్ తగ్గకపోగా పెరుగుతుందని 1976లో తేలింది. 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అసలు దోషిని పట్టుకున్నారు. అది హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. జీవితాంతం చప్పిడి తినమన్న జబ్బుల్లో చాలావాటికి రెండు వారాల మందుల కోర్సు సరిపోయింది. తిండిని శంకించడంలో తప్పు లేదు, ఆ శంకను మళ్లీ పరీక్షకు పెట్టకుండా అరవై, డెబ్బై ఏళ్లు నెట్టుకు రావడమే తప్పు.

ఇప్పుడు గట్టి ఆధారాలున్న పత్తెం ఒకటుంది. పరీక్షలన్నీ బాగానే ఉన్నా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనమో మలబద్ధకమో వదలని ఐబీఎస్ జబ్బుకు మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీలో పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005 ప్రాంతంలో రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి అది. చిన్నపేగులో సరిగ్గా ఇంకని కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు నీటిని లాక్కుంటూ పెద్దపేగుకు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. ఇది అందరి కడుపులోనూ జరిగేదే, ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగుకు ఆ సాగుడు నొప్పిగా తెలుస్తుంది. ఈ లెక్కన మన వంటింటిని చూస్తే చిత్రంగా ఉంటుంది. అన్నం, జొన్నరొట్టె, కోడిగుడ్డు, చేప, కోడికూర, వంకాయ, టమాట, పాలకూర హాయిగా గట్టెక్కుతాయి. పట్టుబడేవి ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, పప్పులు, పాలు, గోధుమ. అందులోనూ వండే తీరును బట్టి తేడా ఉంది. ఉల్లిలో, ఎల్లిగడ్డలో ఉండే ఫ్రక్టాన్ నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. కాబట్టి ఎల్లిగడ్డ రెబ్బలను పోపు నూనెలో ఎర్రగా వేయించి, వేరే ఏదీ వేయకముందే గరిటెతో తీసి పక్కన పెడితే వాసన, రుచి కూరకు దక్కుతాయి, బాధ పెట్టేది రెబ్బతోనే పోతుంది. అదే పచ్చిపులుసులోనైతే పచ్చి ఉల్లిగడ్డను చింతపండు నీళ్లలో చేత్తో పిసుకుతాం, ఫ్రక్టాన్ అంతా నీళ్లలోకి దిగుతుంది. ముక్కలు ఏరేసి పులుసు పోసుకున్నా లాభం లేదు. ఉల్లికాడల్లో పచ్చటి భాగం పనికొస్తుంది, తెల్లగడ్డ పనికిరాదు. చిటికెడు ఇంగువ చాలావరకు లోటు తీరుస్తుంది. పప్పును నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వేరే నీళ్లతో ఉడికిస్తే గ్యాస్ పుట్టించే సరుకు కొంత తగ్గుతుంది.

అయితే చాలామంది చెవిన పడనిదేమంటే, ఈ పద్ధతిని తయారుచేసినవాళ్లు దాన్ని మూడు అంచెలుగా పెట్టారు. మొదటిది మానడం, రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే. రెండోది ఒక్కొక్కటీ తెచ్చి పరీక్షించడం. మూడోది ఏది ఎంత పడుతుందో తెలుసుకుని ఆ కొలతలో తింటూ బతకడం. మొదటి అంచెలో సుఖం కనబడగానే మనవాళ్లు అక్కడే ఆగిపోతారు. సుఖం నిజమే, ఆగిపోవడానికే ఆధారం లేదు. ఉల్లి, పప్పుల్లోని ఆ సరుకే పేగులో మేలు చేసే బిఫిడో బ్యాక్టీరియాకు మేత. మొదటి అంచెలో వాటి సంఖ్య పడిపోతుందని పరీక్షల్లో కనబడింది. ఏది పడడం లేదో మన శరీరానికే తెలుసన్న నమ్మకం మీద కూడా అంత భరోసా పెట్టుకోలేం. గోధుమలోని గ్లూటెన్ పడదని గట్టిగా చెప్పే 37 మందిని 2013లో అదే మోనాష్ బృందం పరీక్షించింది. ముందు ఫాడ్‌మ్యాప్ సరుకు తగ్గించి, ఆ తర్వాత గ్లూటెన్ ఎప్పుడు ఇస్తున్నదీ ఎప్పుడు ఇవ్వనిదీ చెప్పకుండా ఇచ్చారు. గ్లూటెన్ ప్రత్యేకంగా చేసిన కీడేమీ తేలలేదు. వాళ్ల బాధ అబద్ధం కాదు, బాధకు వాళ్లు పెట్టుకున్న పేరు తప్పు. మళ్లీ తిని చూడకపోతే ఆ పేరు ఎప్పటికీ దిద్దుకోం.

ఇక కారం. మిరపలోని క్యాప్సైసిన్ కడుపును కోస్తుందని మనం ఊహించుకుంటాం. అది చేసే పని వేరు, నరాల చివర్ల వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ కూడా వచ్చింది. ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగులో ఆ గ్రాహకాలున్న నరాలు ఎక్కువని తేలింది కాబట్టి మంట వాళ్ల మనసు కల్పించింది కాదు. కానీ అదే నరం అలవాటు పడితే మొద్దుబారుతుంది కూడా. అజీర్తితో బాధపడేవాళ్లకు ఇటలీలో బోర్తొలొత్తి అనే డాక్టరు రోజుకు రెండున్నర గ్రాముల ఎర్రకారం క్యాప్సూళ్లలో పెట్టి ఐదు వారాలు ఇచ్చాడు. మొదట్లో కొంత ఇబ్బంది, తర్వాత ఉత్తుత్తి మందు మింగినవాళ్లకంటే బాగా తగ్గింది. 2002లో వచ్చిన ఈ అధ్యయనం చిన్నది. దీన్ని పట్టుకుని రేపటి నుంచి తొక్కు పెంచమని నేను చెప్పను. కారం జీవితాంతం శత్రువేనన్న మాటకు మాత్రం ఇది గండి కొడుతుంది.

గడువు అందరికీ ఎట్లా కుదురుతుందని ఎవరైనా అడిగితే న్యాయమే. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు గోధుమను జీవితాంతం ముట్టకూడదు, ఇక్కడ రాజీ లేదు. కానీ అది రక్తపరీక్షతో, అవసరమైతే పేగు ముక్క పరీక్షతో తేల్చాల్సిన జబ్బు. గోధుమ మానాక పరీక్షిస్తే ఫలితం తప్పొచ్చు కూడా, కాబట్టి పరీక్ష ముందు, మానడం తర్వాత. ఆ జబ్బు మన వైపు ఎంత అరుదో 2016లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనంలో ఉంది. ఉత్తరాదిలో వెయ్యిమందికి సుమారు 8.5 మంది, దక్షిణాదిలో 0.1. అంటే రొట్టె మానేసిన దక్షిణాదివాళ్లలో ఎక్కువమంది లేని జబ్బుకు పత్తెం చేస్తున్నట్టే. పాల సంగతి దీనికి తలకిందులు. పాలలోని లాక్టోజ్ సరిగ్గా అరగనివాళ్లు దక్షిణాదిలో మూడింట రెండు వంతులని 1981 నాటి అధ్యయనం చెప్పింది. అయినా పెరుగు, చల్ల మానక్కర్లేదు. తోడుపెట్టిన బ్యాక్టీరియాయే కొంత లాక్టోజ్‌ను తినేసి, మిగిలినదాన్ని మన కడుపులో కూడా అరిగించడానికి సాయపడుతుంది. జీవితాంతపు నిషేధాలు ఉన్నాయి, కాదనను. అవి పరీక్షతో మొదలవ్వాలి, అనుమానంతో కాదు.

ఇంకో మాట బలమైనది. మానితే ప్రాణం హాయిగా ఉంది, మళ్లీ తిని కొరివితో తల గోక్కోవడం ఎందుకు? తిండికి లోటు లేని ఇంట్లో ఈ వాదన కొంత నడుస్తుంది. పప్పు మానినవాళ్లకు మాంసం, కూర మానినవాళ్లకు పండు దొరుకుతుంది. మన పల్లెల్లో పళ్లెంలో ఉండేవే నాలుగు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి పళ్లెంలోంచి పప్పు తీసేసి, ఆ చోట ఏమీ పెట్టకపోతే పోయేది గ్యాస్ ఒక్కటే కాదు. మగవాడి పత్తేనికి ఇంట్లో వేరే కూర వండుతారు. ఆడమనిషి పత్తెం పట్టిందంటే తన ఒక్కదాని కోసం పొయ్యి మీద ఇంకో గిన్నె ఎక్కించుకోదు, అందరి కూరా పక్కనపెట్టి అన్నంలో చల్ల పోసుకుని లేస్తుంది. నాకు గడువు మీద ఇంత పట్టుదల రావడానికి పేగు శాస్త్రం కంటే ఈ చల్లన్నమే పెద్ద కారణం.

డైటీషియన్ ఎక్కడున్నారు, ఈ మూడంచెలు ఇక్కడ ఎవరు చేయిస్తారు అంటారా. 2022లో మహబూబాబాద్‌కు మెడికల్ కాలేజీ వచ్చింది, అయినా నలభై రకాల జాబితా చేతికిచ్చి వారం వారం కూర్చోబెట్టి మాట్లాడే తీరిక సర్కారు దవాఖానాలో ఆశించలేం. ఇక్కడ స్వీడన్ నుంచి ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. 2015లో అక్కడ 75 మంది ఐబీఎస్ రోగుల్లో సగంమందికి ఫాడ్‌మ్యాప్ పత్తెం, సగంమందికి పాతకాలపు సలహా ఇచ్చారు. వేళకు తినండి, ఒకేసారి మెక్కకండి, నెమ్మదిగా నమలండి, కొవ్వు, కాఫీ, ఉల్లి లాంటివి కాస్త తగ్గించండి అని. నాలుగు వారాలకు మొదటివాళ్లలో 50 శాతం మందికి, రెండోవాళ్లలో 46 శాతం మందికి గుణం కనబడింది. తేడా లేదనే చెప్పాలి. కాబట్టి కఠిన పత్తేనికి ముందు ఈ మెత్తటి దారి నెలరోజులు చూడడం మేలు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ ఉంటే ఏ పత్తెమూ వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే.

కఠినంగా మానినవాళ్లు మొదలుపెట్టిన రోజే క్యాలెండర్ మీద నాలుగో వారం గీత గీసుకోవాలి. ఆ రోజు నుంచి ఒకసారికి ఒక్క వస్తువే, మూడు రోజులు, రోజురోజుకూ కొలత పెంచుతూ. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఆగి ఇంకొకటి. తొలి వంతు రుచికి ఇచ్చి ఎల్లిగడ్డతో మొదలుపెట్టాలని చాలామందికి ఉంటుంది. నేనైతే పప్పుకే ఇస్తాను, మన పళ్లెం భరించలేని లోటు అదే కాబట్టి. నానబెట్టి నీళ్లు మార్చి వండిన పెసరపప్పు మొదటి రోజు రెండు చెంచాలు, రెండో రోజు నాలుగు, మూడో రోజు చిన్న గిన్నెడు. ఉబ్బరం వస్తే వారం ఆగి తక్కువ కొలతతో మళ్లీ. పెసర పడితే కందిపప్పు, ఆ తర్వాత పాలు, రొట్టె. పచ్చిపులుసులోకి ఉల్లిగడ్డ అన్నిటికంటే ఆఖరున వచ్చినా నష్టం లేదు.