మీటరు చెప్పని వయసు

సెకండ్ హ్యాండ్ పికప్ బేరానికి వచ్చిన మనిషి ముందుగా మీటరు వైపు వంగి చూస్తాడు. లక్షా ఎనభై వేలు కనిపిస్తే మొహం విప్పారుతుంది. నాలుగు లక్షలుంటే ముడుచుకుంటుంది. మాడుగులలో ఇలాంటి బేరాలు ఎన్నో చూశాను. మీటరు వెనక్కి తిప్పేసిన బళ్ల సంగతి పక్కన పెట్టండి, అది వేరే విద్య. మీటరు నిజమే చెప్పినా బేరమాడే ఇద్దరి లెక్కా తప్పుతుంది. బండి ఎంత దూరం వెళ్లిందో ఆ అంకె చెబుతుంది గాని, ఏ దారిన వెళ్లిందో, ఎంత మోసిందో, ఎందరి చేతులు మారిందో చెప్పదు.

అమెరికాలో లూసియానాకు చెందిన ఒకాయన 2007 మోడల్ టొయోటా టండ్రా పికప్‌ని 2016 నాటికి పది లక్షల మైళ్లు నడిపాడు. మన లెక్కలో పదహారు లక్షల కిలోమీటర్లు. ఇంజన్ అదే, గేర్‌బాక్స్ అదే, రంగు కూడా కంపెనీ వేసిందే. టొయోటా వాళ్లు ఆ బండిని విప్పి చూసుకోవడానికి తీసుకుని, ఆయనకు కొత్తది ఇచ్చారు. ఈ కథ చెబితే మా మెకానిక్ మేస్త్రి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “రోజుకెంత పడింది మాస్టారూ?” అన్నాడు. లెక్క కట్టాం. ఏడాదికి లక్షా డెబ్బై ఎనిమిది వేల కిలోమీటర్లు, రోజుకి దగ్గర దగ్గర ఐదొందలు.

“మరింకేటండీ. ఇంజన్ సల్లారితే కదా అరిగేది! పొద్దుట స్టార్ట్ సేసి రాత్రికి ఆపుంటాడు. తిన్నటి రోడ్డు, టాప్ గేరు. ఓపాలి మన పాడేరు సంతలు తిప్పమనండి, సూద్దాం.”

ఆ మాటలో చాలా ఉంది. రాత్రంతా ఆగిన ఇంజన్‌లో ఆయిల్ కిందికి దిగిపోయి ఉంటుంది. తెల్లారి తాళం తిప్పగానే అది మళ్లీ పైకి ఎక్కి అన్ని మూలలకూ చేరేదాకా ఇనుము మీద ఇనుము రాసుకుంటుంది. చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి, ఒక కొట్టు దగ్గర ఆపి పది మూటలు దించి, మళ్లీ స్టార్ట్ చేసి, ఇంకో కొట్టు దగ్గర ఆపే బండికి కిలోమీటర్లు పెరగవు, అరుగుదల పెరుగుతుంది. ఇంకో లెక్క చూడండి. హైవే మీద గంటకు యాభై చొప్పున పదివేల కిలోమీటర్లకు ఇంజన్ తిరిగేది రెండొందల గంటలు. ఊళ్ల మధ్య, ఘాట్‌లో గంటకు ఇరవై పడితే అదే పదివేలకు ఐదొందల గంటలు. ఇద్దరూ కంపెనీ పుస్తకంలో ఉన్న అంకె చూసే ఆయిల్ మారుస్తారు. రెండోవాడి ఆయిల్ మొదటివాడి ఆయిల్‌కి రెండున్నర రెట్లు పనిచేసింది. అందుకే మా వైపు బళ్లకు పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే ఆయిల్ మార్చాలంటాను. ఇక, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసిని పట్టి ఉంచుతోందన్న మాట. రంగు చూసి “నల్లగైంది, పాడైంది” అనేవాడికీ, “ఇంకా జారుతోంది, బాగుంది” అని వేలితో రాసి చూసేవాడికీ ఆయిల్ గురించి తెలిసింది సమానమే.

మాడుగుల అనగానే బయటివాళ్లకు హల్వా గుర్తొస్తుంది. మాకు మాత్రం కొండ గుర్తొస్తుంది. గరికబంద దాటి ఎక్కడం మొదలుపెడితే పాడేరు చేరేసరికి సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంటాం. 2022 ఏప్రిల్ 4న పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది, మాడుగుల అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. కాగితం మీద ఎన్ని గీతలు గీసినా పైకి బియ్యం, ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు, సిమెంటు వెళ్తూనే ఉన్నాయి. కిందికి అల్లం, పసుపు, మిరియాలు, చింతపండు, అడ్డాకులు దిగుతూనే ఉన్నాయి. ఒకప్పుడు ఈ దారిలో జీపులు మనుషుల్నీ మూటల్నీ కలిపి మోసేవి. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ, పదహారు హార్స్ పవర్. ముప్పాతిక టన్ను మొయ్యమని కంపెనీ చెబితే మనవాళ్లు టన్నున్నర ఎక్కించి ‘బాగానే లాగుతోంది’ అన్నారు. లాగుతుంది. కమాన్ కట్టలూ, క్లచ్ ప్లేటూ, వెనక బేరింగులూ ఆ బాకీని తర్వాత వసూలు చేస్తాయి. కొండమీద బరువు మోయడానికి ఇప్పుడెక్కువగా బొలెరో పికప్పులే కనిపిస్తాయి.

ఎక్కేటప్పుడు ఇంజన్ కష్టపడుతుందని అందరికీ తెలుసు, చెవికి వినిపిస్తుంది కదా. దిగేటప్పుడు పడే కష్టం వినిపించదు. బండీ సరుకూ కలిపి మూడు టన్నులనుకోండి. ఏడొందల యాభై మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఆ బరువులో దాగిన శక్తి మొత్తం ఎక్కడో ఒకచోట వేడిగా మారి పోవాలి. డెబ్బై, ఎనభై లీటర్ల నీళ్లను మరగబెట్టేంత వేడి అది. ఆ వేడిని ఇంజన్ తీసుకోవాలి, లేదంటే నాలుగు చక్రాల బ్రేకులు తీసుకోవాలి. ఎక్కిన గేరులోనే దిగమని పాతకాలం డ్రైవర్లు చెప్పింది ఇందుకే. ఇప్పటి కుర్రాళ్లు కొందరు డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో వదిలేస్తారు. ఈ కాలం ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి కొంత తాగుతూనే ఉంటుంది. ఆదా అనుకున్నది ఖర్చు. దానికి తోడు బ్రేకు లైనర్లు మాడిన వాసన.

బ్రేక్ ఆయిల్ సంగతి ఇంకా ఎవరికీ పట్టదు. కారిపోతే తప్ప దాన్ని ముట్టుకోని బళ్లు మా వీధిలోనే ఉన్నాయి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు లేస్తాయి. పెడల్ మీద కాలు వేస్తే మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆ చిన్న డబ్బా ఖరీదు ఒక ట్రిప్పు కిరాయిలో మూలకు రాదు. మా వైపు నాలుగు నెలలు ముసురే. సముద్రమూ దూరం కాదు. తేమకు కరువా!

ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర బళ్లు ఆపి మోదకొండమ్మకు దండం పెట్టుకుంటారు. కొబ్బరికాయ కొట్టేంత సేపు ఇంజన్‌ని నడవనిస్తే టర్బోకి కూడా మేలు. మెట్టెక్కి వచ్చిన టర్బో నిప్పులా ఉంటుంది. తటాలున ఇంజన్ ఆపితే దాంట్లోకి ఆయిల్ రావడం ఆగి, ఉన్న ఆయిల్ మాడి బొగ్గుపొరలా గట్టిపడుతుంది. నిమిషమో రెండు నిమిషాలో ఐడిల్‌లో ఉంచితే చాలు. భక్తి కోసం ఆగినా ఫలితం దక్కుతుంది.

దుమ్ము గురించి ఒక మాట. ఏజెన్సీలో మట్టిరోడ్ల ఎర్రదుమ్ము సన్నటిది. అందులో ఉండే ఇసుక రేణువు లోపలికి పోయిందంటే రింగుల్నీ లైనర్నీ సానరాయిలా గీకేస్తుంది. ఎయిర్ ఫిల్టర్‌ని టైరుకేసి కొట్టి దులిపి మళ్లీ బిగించే అలవాటు మనది. దులిపిన దెబ్బకి కాగితం మడత ఎక్కడ చిరిగిందో కంటికి కనిపించదు. ఫిల్టర్ సరిగా ఉన్నా, దాని నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు వదులైతే ఫిల్టర్ ఉండీ లేనట్టే. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుతుందే, ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు, అలా వచ్చిన బళ్లలో సగానికి ఆ క్లిప్పే కారణమని మేస్త్రి లెక్క. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసేవాళ్ల మీద అతనికింకా కోపం. ఆ ఉప్పు లోపల సున్నంలా పేరుకుని, మెట్టు మధ్యలో ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయాక, ఆ కోపం బిల్లు రూపంలో చూపిస్తాడనుకోండి.

ఇంతా చేసి, ఇక్కడి పికప్పుల్ని చంపేది ఎక్కువగా ఇంజన్ కాదు. ఇంజన్‌ని బోరింగ్ చేయించొచ్చు, హాఫ్ ఇంజన్ పనితో ఇంకో రెండు లక్షల కిలోమీటర్లు లాగొచ్చు. ఛాసిస్ తుప్పు పడితే మందు లేదు. ఎండుచేపలు మోసిన బండిని నేను ఇట్టే గుర్తుపడతాను, వాసన వల్ల కాదు. తొట్టి మూలల్లోంచి కారిన ఉప్పునీరు కమాన్ బ్రాకెట్ల దగ్గర ఛాసిస్‌ని పొరలు పొరలుగా లేపేసి ఉంటుంది. సరుకు దించిన సాయంత్రమే కింద నుంచి మంచినీళ్లు కొట్టి కడిగితే సరిపోయే పని. మనవాళ్లు బండిని కిందా మీదా పూర్తిగా కడిగేది దసరాకే. ఆ రోజు పసుపు, కుంకుమ, గుమ్మడికాయ, టైరు కింద నిమ్మకాయ, అన్నీ జరుగుతాయి. పండగ పూట పడుకుని కిందికి చూసిన వాడికే జాయింట్ క్రాస్‌లో గ్రీజు ఎండిపోయిందనీ, కట్టలో ఒక పట్టీ విరిగిందనీ తెలుస్తుంది. మిగతా పదకొండు నెలలూ ఎవరూ వంగరు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. నాలుగేళ్లు, ఐదేళ్లు కిస్తీ కట్టినంత కాలం బండిని ప్రాణంలా చూసుకుంటారు. కిస్తీ తీరాక అశ్రద్ధ మొదలవుతుంది, లేదా అమ్మి కొత్తది తెచ్చి మళ్లీ కిస్తీలో దిగుతారు. నా దృష్టిలో బండి సంపాదించి పెట్టేది కిస్తీ తీరిన తర్వాతే. అప్పటిదాకా నెలనెలా కట్టిన కిస్తీలో పావు వంతు బండికి పెట్టినా పదిహేనేళ్లు నడుస్తుంది. మాకు తెలిసిన ఒకాయన బండి 2009 మోడల్. తాళం ఇంకొకరికి ఇవ్వడు, పెళ్లికి అడిగినా తనే డ్రైవరుగా వస్తాడు. డాష్‌బోర్డులో నలిగిన ఒక నోటుపుస్తకం, ఆయిల్ ఎప్పుడు మార్చాడో, ఏ టైరు ఎటు మార్చాడో అందులో ఉంటుంది. మీటరు ఎప్పుడో ఆగిపోయింది. నేనైతే మీటరు బదులు ఆ పుస్తకం చూసి బండి కొంటాను.

సర్కారు లెక్క వేరు. రవాణా బండికి ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటితే రుసుము మరింత పెరుగుతుంది. 2021లో ప్రకటించిన తుక్కు విధానం కింద బండిని అప్పజెప్పితే కొత్త బండి పన్నులో రాయితీ ఉంది. పాత బండి మీద ప్రేమ ఉన్నవాణ్నే అయినా, బ్రేకు పట్టని బండిని, ఛాసిస్‌కి వెల్డింగ్ అతుకులేసిన బండిని ఘాట్ ఎక్కించేవాడి మీద నాకు జాలి లేదు. దానికి తుక్కే దారి.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బళ్లు పదిహేనేళ్లు నడుస్తాయా అని మేస్త్రిని అడిగాను. పొగ తక్కువ, సెన్సార్లు ఎక్కువ. పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉన్న బండిని ఊళ్లోనే తిప్పుతూ ఉంటే అది సరిగా వేడెక్కక, మసి కాలక, మూసుకుపోతుంది. అప్పుడు స్పానర్‌తో పని జరగదు. మేస్త్రి చిట్టీ పాడి ఒక స్కానర్ కొన్నాడు. తెరమీద వచ్చే కోడ్‌లను వాళ్లబ్బాయి చదివి చెబుతుంటే తను చెయ్యి ఇంజన్ మీద వేసి వింటుంటాడు. మొన్న ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. స్కానర్ సెన్సార్ పోయిందంది, మేస్త్రి ఎలక వైరు కొరికిందన్నాడు. ఎలకే.