తిత్తి ఊదించుకున్నందుకు జరిమానా

సైకిల్ బోర్లించి చక్రం బెండు తీసుకోవడం నా ఆదివారం అలవాటు. చెయిను, బ్రేకులు, బేరింగులు అన్నీ విప్పుతాను గానీ ఫోర్కు జోలికి పోను. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఆ రెండు కాళ్లలో ఒకటి విరిగితే మనిషి ముఖం పగలాల్సిందే. ఫ్రెంచ్ రేసర్ యుజెన్ క్రిస్టోఫ్ 1913లో చేసిన పని నన్ను వదలకపోవడానికి కారణం ఇదే.

ఆ ఏడాది టూర్ డి ఫ్రాన్స్‌లో బయోన్ నుంచి లూషాన్ దాకా 326 కిలోమీటర్లు ఒక్క విడతలో తొక్కాలి. తూర్మలే కనుమ దిగుతుండగా అతని ఫోర్కు విరిగింది. బండి మార్చకూడదు, ఎవరి సాయమూ పొందకూడదు. పందెం నడిపే పత్రిక సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్ పట్టుదల అది. క్రిస్టోఫ్ సైకిల్ భుజానేసుకుని సుమారు పది కిలోమీటర్లు నడిచి, సెయింట్ మరీ ద కాంపాన్ అనే పల్లెలో కొలిమి చేరాడు. రేసుల్లోకి రాకముందు అతనిది తాళాల పని. ఇనుము కొత్త కాదు. కమ్మరి పక్కనే ఉన్నా చెయ్యి వేయడానికి లేదు, అధికారులు కాపలా.

ఇనుము అతుకు పడాలంటే ఎర్రబడితే చాలదు, తెల్లగా మెరవాలి. క్షణం ఎక్కువైతే కాలి పాడవుతుంది. ఒక చేత పట్టకారు, ఒక చేత సుత్తి ఉన్నవాడు తిత్తి ఎలా ఊదుతాడు? ఏడేళ్ల పిల్లాడొకడు ఊదిపెట్టాడు. అందుకు పది నిమిషాల జరిమానా! తర్వాత మూడుకి తగ్గించారు. దాదాపు నాలుగు గంటలు పోగొట్టుకున్నవాడికి ఎంత దయో! అయినా టూర్ పూర్తి చేసి ఏడో స్థానంలో నిలిచాడు.

1919 టూర్‌లో, ముందంజలో ఉన్నవాడికిచ్చే పసుపు జెర్సీ తొలిసారి తొడుక్కున్నది ఇతనే. జనం కెనరీ పిట్ట అని ఆటపట్టించారు. గెలుపు చేతికందే వేళ వాలన్‌సియెన్ దగ్గర మళ్లీ ఫోర్కు విరిగింది. గంటకు పైగా పోయింది, మూడో స్థానం మిగిలింది. అతని కోసం ఆ పత్రిక పాఠకులు ఇచ్చిన చందాలు మాత్రం 13 వేల ఫ్రాంకులు దాటాయి. 1922లో గాలిబియే కనుమ దిగుతుండగా మూడోసారి ఫోర్కు విరిగింది.

అందరూ దురదృష్టవంతుడన్నారు. నేనొప్పుకోను. రాళ్ల దారులు, ఆనాటి ఉక్కు, మారు సైకిల్ ఇవ్వని నిబంధన కలిసి చేసిన నష్టాన్ని నుదుటి రాతకు అంటగట్టడం నిర్వాహకులకు సుఖం. పైగా, మంచులో సాగిన 1910 మిలాన్-సాన్ రెమో పందెం గెలిచినవాడతను.

టూర్ గెలవకుండానే రిటైరయ్యాడు. పెడల్ మీద పాదం జారకుండా పట్టే టో క్లిప్పులు మాత్రం అతని పేరుతో దశాబ్దాలపాటు అమ్ముడుపోయాయి.