శాస్త్రం అనే తోక

నేను రేపల్లెలో పిల్లలకు తెలుగు చెబుతాను. ఒకరోజు పదో తరగతిలో సమాసాలు చెబుతూ, "ఖగోళశాస్త్రం"కు విగ్రహవాక్యం అడిగాను. "ఖగోళం గురించిన శాస్త్రం" అన్నాడొక కుర్రాడు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "జ్యోతిషశాస్త్రం కూడా అంతే కదండీ మాస్టారూ?" అన్నది. వ్యాకరణరీత్యా నేను చెప్పవలసిన జవాబు "అవును" అనే. సమాసం ఒకటే, తోకా ఒకటే. గంట కొట్టేదాకా నసిగాను. ఈ వ్యాసం ఆ నసుగుడుకు ప్రాయశ్చిత్తం.

చదువులో ఎన్ని శాఖలుంటే అన్నింటికీ మనం ఒకే తోక తగిలించాం: కీటకశాస్త్రం, మృత్తికాశాస్త్రం, సస్యశాస్త్రం, కణశాస్త్రం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి నాటి నుంచీ ఈ పోతపని సాగుతూనే ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల చదువులను తెలుగులోకి తేవలసి వచ్చినప్పుడు ఒక్కసారిగా వేల మాటలు కావలసివచ్చాయి. సంస్కృత సమాసం తయారుగా ఉన్న అచ్చు. వారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అయితే ఆ అచ్చు ఖాళీది కాదు. శాసించేది శాస్త్రం. మన ఇళ్ళలో ఆ మాట ఎలా బతుకుతున్నదో చూడండి. "శాస్త్రం ఒప్పుకోదు" అంటే ఆజ్ఞ. "శాస్త్రానికి నాలుగు అక్షింతలు వేశారు" అంటే మొక్కుబడి. "...అని శాస్త్రం" అంటే సామెత. ఈ మూడింటిలోనూ ప్రయోగానికి చోటు లేదు, ప్రశ్నకు అసలే లేదు. ఇంగ్లీషులోనూ ఇదే చిక్కు ఉన్నది కదా, ఆస్ట్రాలజీకీ బయాలజీకీ తోక ఒకటే కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ ఆ గ్రీకు తోక ఇంగ్లీషు పిల్లవాడి ఇంట్లో పెత్తనం చెయ్యదు. మన తోక చేస్తుంది.

వ్యాకరణాన్ని శాస్త్రమంటే నాకు అభ్యంతరం లేదు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం శాసించడానికే పుట్టింది. భాషాశాస్త్రం సంగతి వేరు. అది శాసించదు, జనం ఎలా మాట్లాడతారో వింటుంది. గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది ఆ తేడా కోసమే. అయినా పేరు దగ్గరకు వచ్చేసరికి పోరాడినవాడికీ ప్రత్యర్థికీ ఒకే తలపాగా చుట్టాం. ఎమ్మేలో మాకు ఇంకో తమాషా ఉండేది. మాటల అర్థాన్ని పరిశీలించే శాఖను "అర్థశాస్త్రం" అందామంటే, ఆ పేరును కౌటిల్యుడి కాలం నుంచీ డబ్బుకే కట్టబెట్టారు!

ఈ సంగతులు తెనాలిలో సాహితీమిత్రుల గోష్ఠిలో ప్రస్తావించాను. 1943లో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిన ఊరు గనుక అక్కడ వాదన చప్పగా ఉండదు. "శాస్త్రం తీసేసి విజ్ఞానం పెడితే సరి" అన్నాడొక మిత్రుడు. చాలాకాలం నాదీ అదే మతం. కానీ 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం పెట్టదలచినప్పుడు దానికిచ్చిన పేరేమిటి? జ్యోతిర్విజ్ఞానం! హైదరాబాదులో సీసీఎంబీని నెలకొల్పిన పుష్పమిత్ర భార్గవ దానిమీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళారు. పిటిషన్ ఆ ఏడే కొట్టేశారు. 2004లో సుప్రీంకోర్టులోనూ అదే ఫలితం. తోక మార్చితే పని జరగదని నాకు అప్పుడు తెలిసింది.

మరి పని ఎక్కడ జరిగింది? బాపట్ల చుట్టూ చూడండి. అక్కడ 1945 నుంచీ వ్యవసాయ కళాశాల ఉన్నది. శాఖల పేర్లు కీటకశాస్త్రం వగైరాలే. కానీ రైతుల కోసం వేసే కరపత్రాల్లోకి వస్తే సుడిదోమ, ఉల్లికోడు, అగ్గితెగులు. సుడిదోమ పడితే చేను సుడులు సుడులుగా ఎండుతుంది. ఉల్లికోడు సోకిన పిలక ఉల్లికాడలా గొట్టమవుతుంది. అగ్గితెగులు తగిలిన పైరు కాలినట్టుంటుంది. గట్టుమీద నిలబడి చూసినవాడు పెట్టిన పేర్లివి, పేరులోనే పరిశీలన ఉంది. రైతుకు మడి కూడా లేదు. 1986లో విడుదలైన సాంబమసూరి, అదే 5204 రకాన్ని, "బీపీటీ" అన్నాడు. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాల్లో బాపట్ల దాగి ఉందని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటి వ్యవసాయ పదాలదే. చేనేత సంపుటి 1971లో వచ్చింది. ఆ పుస్తకాలను మనం ఏం చేశాం? కథల్లో సంభాషణలకు అద్దకం వేశాం. రైతు పాత్ర నోట "మొగిపురుగు" అనిపిస్తాం, కథకుడి నోట మాత్రం "కీటకశాస్త్రజ్ఞులు" అని రాస్తాం. అంటే తెలివి కథకుడిది, యాస రైతుది. ఒక నవలను సమీక్షిస్తూ నేనే "మాండలిక సొగసు" అని మెచ్చుకున్నాను. ఆ నవలలో రైతు తెగులును గుర్తుపట్టిన తీరు మూడు పుటలుంది. దాని గురించి ఒక్క వాక్యం రాయలేదు.

మర్నాటి వారం పిల్లలను ఇళ్ళలో పురుగుల పేర్లు అడిగి రాసుకురమ్మన్నాను. ఆ వెనకబెంచీ అమ్మాయే ఎక్కువ తెచ్చింది, ఏది ఎప్పుడు పడుతుందో, ఏ గుర్తుతో పట్టుకోవాలో సహా. పైన శీర్షికకు ఖాళీ వదిలి, ఏం పెట్టమంటారని అడిగింది. "పురుగుల చదువు" అని పెట్టుకోమన్నాను. పరీక్షలో మాత్రం కీటకశాస్త్రమనే రాయమన్నాను. మార్కులు పోయేది ఆ పిల్లకే కదా!