కులం ఎన్నో రీలు?

2018లో మేం మెచ్చిన సినిమాలు ఏరితే 'రంగస్థలం' ముందుంటుంది. ప్రెసిడెంటు మీద నామినేషన్ వేసిన కుమార్‌బాబుకి మేమూ ఈలలేసినోళ్లమే. కానీ కూతురు ప్రేమించిందని నాయకుడు దక్షిణామూర్తే అతన్ని చంపించాడన్న సంగతి ఆఖర్న గానీ బయటపడదు. కులం అక్కడ సస్పెన్సు.

మారి సెల్వరాజ్ తమిళ సినిమా 'పరియేరుం పెరుమాళ్'లో అది మొదటి రీలు. దళిత కుర్రాడి కుక్కని రైలు పట్టాలకి కట్టేసి చంపుతారు. అయినా అతను లా కాలేజీకి పోతాడు, చివర్న పిల్ల తండ్రితో ఎదురుగా నిలబడి మాట్లాడతాడు.

ఆ ఏడే సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికారు. అతని కులం ఊళ్లో ఎవరికీ సస్పెన్సు కాదు. హాస్టల్లో పేరు వెంటనే కులం చెప్పుకొని చదివినోళ్లం, మాకూ కాదు. అందుకే మా లిస్టులో 'రంగస్థలం' ఉంటది, రెండోదిగా.