తాళం తప్పని నవ్వు

దివిసీమలో మా అమ్మమ్మగారి ఊళ్లో పెళ్లంటే అందరికన్నా ముందు దిగేది మైకుసెట్టు. తాటాకు పందిరి సగం లేవకముందే కొబ్బరిచెట్టుకు బూరా కట్టేసేవారు. పొద్దున్నే సన్నాయి రికార్డు. ముహూర్తం దాటాక ప్రేమపాటలు. భోజనాలకు మొదటి బంతి కూర్చుందంటే మాత్రం మైకుసెట్టు కుర్రాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, మాయాబజార్ సినిమాలో ఘటోత్కచుడి 'వివాహ భోజనంబు' పెట్టేసేవాడు. వడ్డించేవాళ్ల నడకలో చురుకు పుట్టేది. పిల్లలం విస్తళ్ల ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని నవ్వు వచ్చే చోటుకోసం కాచుకుని ఉండేవాళ్లం.

వంటల పెత్తనం మా తాతయ్యది. గాడిపొయ్యి పక్కన కండువా నడుముకు బిగించి నిలబడేవాడు. పాటలో ఆ నవ్వు మొదలవగానే చేతిలో ఉన్న గరిటెతో గుండిగ అంచు మీద దరువు వేసేవాడు. మాటలు వస్తున్నంతసేపూ ఆయన పని ఆయనదే, నవ్వు దగ్గర మాత్రమే ఆ దరువు. ఆఖరి బంతి లేచేదాకా ఆయన మంచినీళ్లు తప్ప మరేమీ ముట్టేవాడు కాదు.

చాలా ఏళ్లపాటు అది సరదా పాట అనే అనుకున్నాను. అందులో ఎంత పనితనం ఉందో ఆలోచించలేదు. ఈమధ్య ఒక మధ్యాహ్నం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాగితం పెన్సిలూ ముందు పెట్టుకుని పదిసార్లు విన్నాను. విన్నకొద్దీ తాతయ్య దరువే గుర్తొచ్చింది. ఆయన పాటకు అసలు కీలకం ఎక్కడుందో అక్కడే కొట్టాడు.

మామూలుగా మనిషి నవ్వు ఎలా ఉంటుంది? ఒక్కసారిగా బద్దలవుతుంది, ఊపిరి అందక తెగుతుంది, మళ్లీ ఎక్కడో లేస్తుంది, చివరికి నీరసపడి ఆగుతుంది. దానికి లెక్కా డొక్కా ఉండదు. పాటకు లెక్కే ప్రాణం. అందుకే పాటలో నవ్వు పెట్టాల్సి వచ్చినప్పుడు చాలామంది స్వరకర్తలు వాద్యాలను కాసేపు ఆపేసి, గాయకుణ్ణి ఇష్టం వచ్చినట్టు నవ్వనిచ్చి, మళ్లీ తాళం అందుకుంటారు. ఇక్కడ అలా జరగలేదు. పాదం పూర్తి కాగానే నవ్వే మరో పాదమై వస్తుంది. అంతే నిడివి, అదే నడక, దానికంటూ ఆరోహణ అవరోహణలు. ఒక్కొక్క 'హ' కారం ఒక్కొక్క దెబ్బ మీద కూర్చుంటుంది. అందుకే గరిటెతో గుండిగ మీద కొట్టగలిగాడు తాతయ్య. ఉత్త నవ్వుకు ఎవరూ దరువు వేయలేరు.

ఆ గొంతు మాధవపెద్ది సత్యంగారిది. గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరులో 1922లో పుట్టి, నాటకాల్లో పద్యాలు పాడి రాటుదేలిన మనిషి. పద్యనాటకంలో గొంతు ఆఖరి వరసలో కూర్చున్నవాడికి అందాలి, ఒక్క అక్షరం నలగకూడదు. ఆ సాధన ఈ నవ్వులో కనిపిస్తుంది. నవ్వుతూ పాడితే సాధారణంగా హల్లులు కరిగిపోతాయి, పొట్ట కదిలిపోవడంతో స్వరం వణుకుతుంది. ఆయన నవ్వు నుంచి మాటలోకి, మాట నుంచి నవ్వులోకి దాటేటప్పుడు అతుకు తెలియదు. మాయాబజార్ వచ్చిన అయిదేళ్లకు కులగోత్రాలు సినిమాలో, పేకాటలో జేబు ఖాళీ అయినవాళ్ల గోడును కొసరాజుగారు పాటగా రాస్తే, పిఠాపురం నాగేశ్వరరావుగారితో కలిసి ఇదే మాధవపెద్ది దాన్ని పాడారు. అక్కడ ఏడుపుకు తాళం కట్టాలి. కట్టారు. ఊరంతా నవ్వింది.

మాటల పని పింగళి నాగేంద్రరావుగారిది. ఈ పాటకు అంతకుముందే ఒక ఊపిరి ఉంది. సురభి వారి నాటకంలో ఇలాంటి పాట ఉండేది, పల్లవి అక్కడి నుంచే నడిచొచ్చింది. దొరికిన పల్లవిని పట్టుకుని ఆయన చేసిన పని చూడండి. పల్లవిలో పాదాలు 'వి' అనే అక్షరంతో మొదలవుతూ ఉంటాయి, మొదటి రెండూ 'ంబు'తో ముగుస్తాయి. సినిమా వచ్చిన 1957 నాటికే ఎవరూ ఇంట్లో భోజనంబు, వంటకంబు అనరు. అది పద్యాల భాష, నాటకంలో కిరీటాలు పెట్టుకున్నవాళ్ల భాష. అంతటి గంభీరమైన ప్రత్యయాన్ని తిండికి తగిలించడంలోనే మొదటి నవ్వుంది. అంతకన్నా గొప్ప సంగతి మరొకటి. 'ంబు' అని పలికి చూడండి: పెదవులు రెండూ గట్టిగా మూతపడతాయి, ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటిలా. తర్వాత వచ్చే నవ్వులో 'హ' కోసం నోరు పూర్తిగా తెరుచుకుంటుంది. మూయడం, తెరవడం. పాట పాడుతున్నవాడు తెలియకుండానే తింటూ ఉంటాడు.

అక్కడితో ఆగలేదాయన. చరణంలోకి వచ్చేసరికి గారెలు, బూరెలు, అరిసెల వెనక 'ల్ల' కారాన్ని ప్రాసగా పెట్టి, దాని ముందు అచ్చును ఒక్కొక్క వంటకానికీ మార్చుకుంటూ పోయారు. ఆ 'ల్ల' పలకాలంటే నాలుక పైకి లేచి అంగిలిని అంటుకోవాలి, నెయ్యి బూరెలోని పూర్ణం అంగిలికి అంటుకున్నట్టు. తర్వాత లడ్లూ ఫేణీలూ జిలేబీలూ వచ్చే చోట ప్రాస 'ందు'కు మారుతుంది. ఇప్పుడు నాలుక కొన పళ్ల వెనక్కి వెళ్తుంది. పెదవులు, అంగిలి, పళ్లు: తిండి ప్రయాణించే చోట్లన్నిటికీ పాట వెళ్లొచ్చింది. పింగళిగారు ఇదంతా లెక్కవేసి రాశారా అంటే నేను వాదించను. నోటిలో మాటల రుచి తెలిసిన మనిషికి లెక్క వేసుకోవాల్సిన అవసరం ఉండదు.

ఇంచుమించు ప్రతి వంటకానికీ ముందు ఆయన ఒక పొగడ్త పెట్టారు. ఔరా, అయ్యారే, భళీ లాంటివి. రాజసభలో నర్తకి ఆటనో, యోధుడి పరాక్రమాన్నో చూసి అనే మాటలవి. ఇక్కడ సభ లేదు, విస్తరే సభ. ఒక్కొక్క వంటకం వచ్చి నిలబడుతుంటే ఘటోత్కచుడు ఒక్కొక్కదానికీ బిరుదిచ్చి పంపుతాడు. ఎక్కడికి పంపుతాడో మనకు తెలుసు. ఆఖరి చరణంలో అప్పడాలు, దప్పళాలు, పాయసాలు వరసకట్టి, ఆ బహువచనాల 'ఆలు'తో సహజంగా ప్రాస కుదిరే ఒక మాట దగ్గరికి పాట చేరుతుంది. ఆ మాట 'చాలు'. మారు వడ్డించడానికి వచ్చినవాళ్లకు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి మనం అనే మాట. ఆకలితో మొదలైన పాట తృప్తి దగ్గర ఎక్కడా ఉపదేశం లేకుండా, కేవలం ప్రాస పట్టుకుని వచ్చి కూర్చుంది. తెలుగు సినిమా పాటల్లో ఇంతకన్నా ముచ్చటైన ముగింపు నాకు కనిపించలేదు.

ఆ జాబితా ఇప్పుడు వింటే గుండెలో ఏదో కదులుతుంది. గుమ్మడికాయా సొరకాయా ముక్కలు పెద్దపెద్దగా తరిగి చింతపండు పులుసులో ఉడికించిన దప్పళం ఈమధ్య ఏ పెళ్లిలో తిన్నాను? అమెరికాలో పుట్టిన మా అక్కయ్య మనవడు నన్ను అడిగింది కూడా అదే, దప్పళం అంటే ఏమిటని. వాడికి పాటలో సగం మాటలు తెలియవు. నవ్వు మాత్రం తాళంతో సహా వచ్చు.

ఈ నవ్వు వాడికి అంత సులువుగా ఎలా పట్టుబడిందో తెలియాలంటే మన దేశం దాటి వెళ్లాలి. 1890లలో, ఫోనోగ్రాఫు కొత్తగా వచ్చిన రోజుల్లో, అమెరికాలో జార్జ్ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు 'లాఫింగ్ సాంగ్' అనే పాట మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. వర్జీనియాలో, బానిసత్వం ఇంకా ఉన్న రోజుల్లో పుట్టినవాడు. అప్పటికి ఒక రికార్డు నుంచి వేల కాపీలు తీసే పద్ధతి సరిగ్గా రాలేదు. అమ్మకానికి సిలిండర్లు కావాలంటే గాయకుడే మళ్లీ మళ్లీ యంత్రం ముందు నిలబడి పాడాలి. అలా అతను తాళం తప్పకుండా కొన్ని వేలసార్లు నవ్వాడు. ఆ పాట మాటలు అతని జాతినే ఎగతాళి చేసేవి. అది తలుచుకుంటే ఆ నవ్వు వినడం కష్టమవుతుంది, అయినా ఆ కౌశలానికి దండం పెట్టకుండా ఉండలేను. ఆ బాణీనే 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్‌రోజ్ నవ్వే పోలీసు పాటగా మార్చాడు. గ్రామఫోను రికార్డుల మీద ఆ నవ్వు దేశదేశాలకూ పాకింది. మన ఘటోత్కచుడి పాట పక్కన దాన్ని పెట్టి వింటే చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. ఆ నవ్వును తెచ్చి వియ్యాలవారి విందులో కూర్చోబెట్టిన మనవాళ్ల గొప్పతనం దానివల్ల ఏమాత్రం తగ్గదు. పోలీసు నవ్వుకు కారణం వెతుక్కోవాలి. ఆకలిగా ఉన్న రాక్షసుడికి, ఎదురుగా పెళ్లివంట ఉన్నప్పుడు కారణం అడిగేదెవరు?

తెర మీద ఆ నవ్వును మోసింది ఎస్.వి.రంగారావుగారి దేహం. ముందు రికార్డయిన గొంతుకు నటుడు తర్వాత పెదవులు కదపాలి. నవ్వుకు పెదవులు కదిపితే చాలదు, భుజాలూ పొట్టా కనుబొమలూ అదే దెబ్బ మీద కదలాలి. ఆయన కదిపారు. దర్శకుడు కె.వి.రెడ్డిగారు స్టాప్‌వాచ్ పెట్టుకుని సన్నివేశాల నిడివి ముందే కొలుచుకునే మనిషి. ఆ కొలతకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఇంద్రజాలం తోడైంది. లడ్లు వాటంతట అవే కదిలి నోట్లోకి వెళ్లే దృశ్యాన్ని స్టాప్ మోషన్ పద్ధతిలో, వస్తువును కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క ఫ్రేమూ తీసి కట్టారు. ఇవాళ్టి పిల్లలు కంప్యూటర్ మాయలు ఎన్నో చూసినవాళ్లు. ఆ లడ్ల దగ్గర మాత్రం వాళ్లూ ముందుకు వంగుతారు.

చెన్నైలో నాతో పనిచేసిన ఒక తమిళ మిత్రుడితో ఒకసారి ఈ పాట ప్రస్తావన వచ్చింది. అది తమదేనని ఆయన పట్టుబట్టాడు. ఆయన మాటా నిజమే. మాయాబజార్ అదే ఏడాది తమిళంలోనూ వచ్చింది. రంగారావుగారే ఘటోత్కచుడు, తంజై రామయ్యదాసు రాసిన 'కల్యాణ సమయల్ సాదం' తిరుచ్చి లోగనాథన్ గొంతులో. కుంభకోణంలో తన చెల్లెలి పెళ్లినాడు వాన కురిసి పందిరి కూలిందట. ఇంటి అరుగుల మీదే బంతులు వేస్తుంటే ఎవరో టేప్‌రికార్డరులో ఆ పాట పెట్టారట. చెబుతూ చెబుతూ ఆయన నవ్వాడు, లోగనాథన్ తాళంలోనే.

ఆలోచిస్తే ఆ పాట పెళ్లిళ్లలో అంతగా ఎందుకు కుదురుకుందో నాకు అర్థమైంది. పెళ్లికూతురి తండ్రికి ఆ రోజంతా ఒకటే భయం, వంట చాలకపోతే పరువు పోతుందని. మగపెళ్లివారిలో ఎవరు ఏ వంక పెడతారో అని కళ్లన్నీ విస్తళ్ల మీదే ఉంటాయి. కథలోనూ ఆ విందు మగపెళ్లివారైన కౌరవుల కోసం సిద్ధం చేసినదే. దాన్ని ఊడ్చిపెట్టేవాడు పెళ్లికూతురు శశిరేఖ ప్రేమించిన అభిమన్యుడికి అన్న, ఆమె మనసెరిగి వచ్చినవాడు. ఆడపెళ్లివారు ఏడాదిపాటు గుండెల్లో మోసిన భయాన్ని రాక్షసుడంత చేసి, వాణ్ణి తమ వైపు నిలబెట్టి నవ్వించారు. గాడిపొయ్యి దగ్గర నిలబడ్డ మా తాతయ్యకు ఆ నవ్వు ఎంత కావాల్సినదో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. నలుగురు కూతుళ్ల పెళ్లిళ్లు చేశాడాయన.

చివరి రెండేళ్లూ ఆయన మంచంలోనే ఉన్నాడు. షుగరు వల్ల తీపి మానేశారు, తర్వాత ఆకలే మానేసింది. మనుషుల్ని గుర్తుపట్టడం కూడా తగ్గింది. ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని ఫోనులో ఆ పాట పెట్టాను. పల్లవి అంతా కళ్లు మూసుకునే ఉన్నాడు. నవ్వు మొదలైంది. దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి వచ్చి, వేళ్లు మంచంకోడు మీద పడ్డాయి, సరిగ్గా దెబ్బ మీద. మళ్లీ మాటలు మొదలవగానే ఆగాయి. మళ్లీ నవ్వు, మళ్లీ దరువు. పాట అయిపోయాక కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"ఆఖరి బంతి లేచిందా రా?"

"లేచింది తాతయ్యా."

"అయితే నాకూ ఓ విస్తరి వెయ్యమను."