మత్తు తుపాకీ పట్టిన చేయి
భూపాలపల్లి, మహబూబాబాద్ అడవుల పక్క ఊళ్లలోకి ఎలుగుబంటి వస్తే వేట మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు అది. అప్పుడు కావలసింది మత్తు తుపాకీ. దాన్ని నేర్పుగా వాడే అటవీశాఖ రెస్క్యూ సిబ్బంది అంటే నాకు ఎంతో గౌరవం. ఎలుగు బరువును కంటితోనే అంచనా కట్టాలి, మందు మోతాదు దాన్నిబట్టే. దూరం చూసి గ్యాస్ ఒత్తిడి సరిచేసుకోవాలి: ఎక్కువైతే సూది లోతుగా దిగి గాయం చేస్తుంది, తక్కువైతే ఆ గుబురు బొచ్చులోనే ఆగిపోతుంది. గురి తొడలాంటి పెద్ద కండమీదే. కుక్కలు మొరుగుతూ, జనం సెల్‌ఫోన్లతో ఎగబడుతూ ఉండగానే ఇదంతా తేల్చుకోవాలి. సూది తగిలాక ఓపిక ఇంకా కావాలి, మందెక్కేదాకా దాన్ని బెదరగొట్టకూడదు. పడ్డాక కళ్లకు గుడ్డ కప్పి, ఊపిరి గమనిస్తూ, ఒళ్లు కాగకుండా నీళ్లు చల్లి బోనెక్కిస్తారు.