పచ్చనీళ్ల పనితనం

రంగుచేపల తొట్టి దగ్గరికి పని తెలిసినవాడు వస్తే మొదట చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు. అరచెయ్యి వెల్లకిలా పెట్టి మోచేతి దాకా నీళ్లలో ముంచుతాడు. అరచెయ్యి మసకమసగ్గా కనిపిస్తే నీళ్లు కుదిరినట్టు. మణికట్టు మునగగానే వేళ్లు మాయమయ్యాయా, పచ్చదనం ముదిరింది, కొంత తోడెయ్యాలి. చేతిగీతలు కూడా తేటగా కనబడుతున్నాయా, ఆ నీళ్లలో పిల్లచేపలకు తిండి లేదు. కొల్లేటి పక్కన బొచ్చె, శీలావతి పెంచే రైతులు చెరువును చూసేదీ ఇలాగే. మీటరు అక్కర్లేని ఈ కొలతంటే నాకు ఎంతో గౌరవం.

చిలమత్తూరులో చేపల మాటేమిటని అడగొచ్చు. 2022 దాకా ఇది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు అటూఇటుగా వాన పడే సీమ. అయినా లెక్క వేసి చూడండి. 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గచ్చుతొట్టిలో 2 అడుగుల ఎత్తున నీళ్లు నిలిపితే 2,800 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులో సగం చిల్లర. పైగా బిందె అడుగున తెల్లపొర కట్టే మన బోరు నీళ్లు గప్పీకి, మోలీకి బాగా నచ్చుతాయి. గోల్డ్‌ఫిష్‌కూ ఇబ్బంది లేదు. అమెజాన్ మెత్తటి నీళ్లలో పుట్టిన నియాన్ టెట్రా, డిస్కస్‌లాంటివి మాత్రం ఇక్కడ పిల్లలు చెయ్యవు. వాటి జోలికి పోకపోవడమే మేలు.

ఇంగ్లండులో, జర్మనీలో చేపలు పెంచేవాళ్లు చలికాలమంతా గాజుపెట్టెలో హీటరు పెట్టి కాపాడి, ఎండలు రాగానే చేపల్ని పెరటి తొట్లలోకి మారుస్తారు. అక్కడ అవి ఆ నాలుగు నెలల్లోనే రంగు తేలి, ఒళ్లు చేస్తాయి. మనకు ఎండాకాలపు నాలుగు నెలలే గండం. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే పచ్చదనమే రాత్రి దాన్ని తాగేస్తుంది. అందుకే తెల్లవారుజామున చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తుంటాయి. నేర్పరి ఆ వేళకే లేచి తొట్టి దగ్గర ఉంటాడు. చిల్లుల పైపు ఎత్తున కట్టి నీళ్లను సన్నటి ధారగా పడనిస్తాడు. షేడ్‌నెట్ తొట్టి మొత్తం కప్పడు, సగానికే కడతాడు, ఎండ కావాలో నీడ కావాలో చేప చూసుకుంటుంది. ఎండకు ఆవిరయ్యేవి నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. కాబట్టి తగ్గినన్ని పైనుంచి పోస్తూ కూర్చుంటే చాలదు. అడుగున ఉన్న మడ్డినీళ్లు నాలుగు బకెట్లు తీసి, ఒకరోజు నిలవబెట్టిన బోరు నీళ్లు మెల్లగా కలపాలి. తీసిన మడ్డినీళ్లు మల్బరీ మొదళ్లకు పోతాయి. ఒక్క చెంబు కూడా వృథా కాదు.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటి ఏడు ఏప్రిల్లో తొట్టి మురికిగా ఉందని నీళ్లన్నీ తోడేసి, గోడల పాచి గీకేసి, మిట్టమధ్యాహ్నం బోరు విప్పాను. మర్నాటికి సగం చేపలు తేలాయి. చేపలు వదిలే అమ్మోనియాను విరిచి మెత్తబరిచే సూక్ష్మజీవులు ఆ పాచిలోనే కాపురముంటాయని, నేను గీకింది వాటినేనని అప్పుడు తెలియదు.

గోల్డ్‌ఫిష్‌ను గుడ్లకు పెట్టే పని మరీ చూడముచ్చటగా ఉంటుంది. ఈడుకొచ్చిన మగచేప మొప్పల మూతల మీద ఆవగింజ కన్నా చిన్న తెల్లటి పొక్కులు లేస్తాయి. తెలియనివాళ్లు జబ్బనుకుని మందు వేస్తారు. ఒక ఆడదానికి రెండు మగవాటిని కలిపి, సాయంత్రం గుర్రపుడెక్క వేర్లు కడిగి నీళ్ల మీద పరుస్తారు. తెల్లారేసరికి మగవి ఆడదాన్ని ఆ వేర్లలోకి తరుముతూ ఉంటాయి. గుడ్లు వేర్లకు సగ్గుబియ్యపు పలుకుల్లా అంటుకుంటాయి. వెంటనే పెద్దచేపల్ని తీసెయ్యాలి, లేకపోతే కన్నవాళ్లే తినేస్తారు. తెల్లబడిన గుడ్లు పొల్లువి, వాటికి బూజు పట్టి పక్కవాటికి అంటుకోకముందే ఏరెయ్యాలి. రెండు మూడు రోజుల్లో గుడ్లు చిట్లి పిల్లలు బయటికొస్తాయి, మరో రెండు రోజులు పొట్టకింది సొనతోనే గడుపుతాయి. ఈదడం మొదలుపెట్టాక కావాల్సింది పచ్చనీళ్లలోని కంటికానని జీవాలు, ఆ తర్వాత డాఫ్నియా అనే నీటి ఈగలు. పేడ, నానబెట్టిన వేరుశనగ చెక్క వేసి ఈ నీటి ఈగల్ని పక్క తొట్టిలో ముందే సిద్ధం చేసి ఉంచుతారు. పెరిగే చేపలకైతే మన ప్రాంతంలో ఇంకో మంచి మేత ఉంది. పట్టుగూళ్ల నుంచి దారం తీశాక మిగిలే ప్యూపా. నూనె తీసి ఎండబెట్టి పొడి చేస్తే మాంసకృత్తుల్లో దానికి సాటి వచ్చే చవక మేత తక్కువ.

చెన్నై కొళత్తూరులో ఈ పనంతా వీధివీధినా జరుగుతుంది, దేశం నలుమూలలకూ అక్కణ్నుంచి రంగుచేపలు వెళతాయి. పెరటి స్థాయి రంగుచేపల యూనిట్లను 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలోనూ చేర్చారు. మన సీమలో ఈ పని చూసినవాళ్లు మాత్రం ఇంకా తక్కువ.

గోల్డ్‌ఫిష్ గాజుపెట్టె కోసం పుట్టిన చేప కాదు. చైనాలో వందల ఏళ్లు దాన్ని కొలనుల్లో, మట్టి కాగుల్లో పైనుంచి చూస్తూ మలిచారు. 1596లోనే జాంగ్ చియాందే దాని మీద పుస్తకం రాశాడు. ఏ వీపు ఎర్రగా ఉంది, ఏ తోక విచ్చుకుంది అని పైనుంచి చూసి ఏరారు. తెల్ల పళ్లెంలోకి పిల్లల్ని ఎత్తి ఒంటి తోకవాటిని వేరుచేసే చెయ్యి ఇవాళ్టికీ అదే పని చేస్తోంది.

అడవి చేపకు వీపు నల్లగా ఉండేది పైనున్న పిట్టకు కనబడకుండా. మనిషి దాన్ని ఎర్రగా మార్చాడు. ఈ మండలంలోనే వీరాపురం చింతచెట్ల మీదికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కడతాయి. ఊళ్లో సైబీరియా కొంగలంటారు గానీ ఇవి మన దేశపువే, ఊరు వాటిని ఇంటిబిడ్డల్లా చూసుకుంటుంది. అవి మేత వెతుక్కునేది చెరువుల్లో. పెరటి తొట్టికి వచ్చేవి లకుముకి పిట్ట, గుడ్డికొంగ. చేపపిల్లలు మట్టిరంగులో, నీళ్లలో కలిసిపోయి ఉన్నన్నాళ్లు వాటి కంట పడవు. రెండో నెల దాటాక ఒక ఉదయం ఒకదాని పొట్ట పక్కన నారింజ చార కనిపిస్తుంది, వారం తిరిగేసరికి పదింటికి. మొదటి చార కనబడిన సాయంత్రమే తొట్టి మీద వల బిగించాలి.